తోలు: పదమొకటి, పదార్థములు రెండు

ఖరగ్‌పూరు రైలు పట్టణమున ఝపటాపూర్ వంటి పేటలలోని తెలుగు కుటుంబములలో పదసేకరణ చేయబూనువారు చర్మమునకు సంబంధించిన మాటలయెడ కొంత జాగ్రత్త వహింపవలెను. వంగభాషలోని ‘చామ్‌డా’కు తెలుగేమని అడిగినచో ‘తోలు’ అను ఒక్క సమాధానమే వచ్చును. అది తప్పు గాదు. కాని దానితో పని తీరదు. చెప్పులోని తోలు వేఱు, తోలుబొమ్మలోని తోలు వేఱు.

జింకలను, దుప్పులను వేటాడిన కాలమున ఒలిచిన చర్మమును ఆలస్యము చేయక, అంటియున్న మాంసమును క్రొవ్వును గీకివైచి, ఉప్పు పట్టించి నీడను ఆరవేయుట పద్ధతి. మండుటెండలో వేసినచో పైపొర ముందే గట్టిపడి, లోని తడి వెలికి రాలేక చర్మము లోలోపల కుళ్లును. వెండ్రుకలతోనే నిలువచేసినది ఆసనమగును, కృష్ణాజినము ఇట్టిదే. అమరసింహుడు అజినము, చర్మము, కృత్తి అను మూటిని పర్యాయములుగనే చెప్పినాడు. వంగ రామాయణకర్త కృత్తివాసుని పేరిలోని కృత్తియు ఇదియే. అది తోలు దాల్చిన శివుని పేరు గదా!

సున్నపు నీట నానవైచి వెండ్రుకలు తీసిన పిమ్మట దారి రెండుగా చీలును. తంగేడు చెక్క, తుమ్మబెరడు, కరక్కాయ – వీనియందలి టానిన్ అను వగరు ద్రవ్యము చర్మములోని మాంసకృత్తులతో గట్టిగా కలిసికొనును. అటుపై అది తడిసినను సులభముగా కుళ్లదు. దీనినే పదునుచేయుట యందురు; నానబెట్టు తొట్టి ‘లంద’.

రెండవ దారిలో పదును లేదు. చర్మమును బిగలాగి కట్టి, పలుచగా గీకి, ఆరబెట్టుటయే. ఇట్టి పచ్చితోలు వెలుతురును తనగుండ పోనిచ్చును. తెరవెనుక దీపముంచగా బొమ్మ రంగులు ఇవతలివారికి కనబడుట అందువలననే. తంగేటిలో నానిన తోలుతో చేసినచో రంగులు పోయి నల్లని నీడయే మిగులును. డప్పునకు మూసినదియు పచ్చితోలే. తడిగాలికి సడలి, సెగ చూపగా బిగియును.

దేవతల బొమ్మలకు జింకతోలు, తక్కిన పాత్రలకు మేకతోలు వాడుట పూర్వాచారమని చెప్పుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1991లో వచ్చిన సవరణ వేటను నిషేధించినవి. అనంతపురపు సీమలోని నిమ్మలకుంట కళాకారులు నేడు మేకతోలుతోనే బొమ్మలు చేయుచున్నారు. వస్తువు మాఱినను పచ్చితోలు పనితనము మాఱలేదు. కాని వేటతోలునకు చెందిన మాటలకు వాడుక తగ్గినది.

బెంగాల్ నాగపూర్ రైల్వే నాడు ఉత్తరాంధ్రమునుండి వలసవచ్చినవారి మనుమలకు లందతో పనిలేదు. వారిని నిఘంటువు వరుసలో ప్రశ్నించుటకంటె, ఒక పాతచెప్పును ఒక డప్పును ముందుంచి, “ఇది ఏ తోలు? అది ఏ తోలు?” అని విడివిడిగా అడిగి, వారి తాతలు ఏమనెడివారో వ్రాసికొనుట మేలు.