రంగస్థల నటనలో సహజత్వం: సాత్వికాభినయం – భౌతిక చర్య

అభినయం ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగు విధాలని నాట్యశాస్త్రం పేర్కొన్నది. అశ్రువు, వైవర్ణ్యం, రోమాంచం మొదలైన ఎనిమిది సాత్విక భావాలు నటుడు ఆజ్ఞాపిస్తే కలిగేవి కావు. సత్త్వం మనస్సు నుండి పుడుతుందని, మనస్సు ఏకాగ్రమైనప్పుడే సిద్ధిస్తుందని భరతుడు వివరించాడు. ఆ ఏకాగ్రతను ప్రతి ప్రదర్శనలోనూ ఎట్లా పొందాలన్నదే శిక్షణకు సంబంధించిన అసలు ప్రశ్న.

1898లో మాస్కో ఆర్ట్ థియేటర్‌ను నెలకొల్పినవారిలో ఒకడైన స్తానిస్లావ్‌స్కీ (1863–1938) తొలుత నటుని స్వీయానుభవ స్మృతికి ప్రాధాన్యమిచ్చి, చివరి సంవత్సరాలలో భౌతిక చర్యల వైపు మొగ్గాడు. భావాన్ని నేరుగా పిలవడం సాధ్యం కాదు. చర్యను ఎన్నిసార్లయినా చేయవచ్చు. ఉదాహరణకు, కుమారుని మరణవార్త గల ఉత్తరం అందుకున్న తండ్రి పాత్రధారి దుఃఖాన్ని ప్రదర్శించబూనితే అది కృత్రిమమవుతుంది. కళ్లజోడు వెదకడం, ఉత్తరం విప్పడం, చదివిన వాక్యాన్నే మళ్లీ చదవడం అనే పనులపై దృష్టి నిలిపితే దుఃఖం తనంతట తానుగా కలిగే అవకాశముంది.

తెలుగు పద్యనాటకంలో ‘వన్స్‌మోర్’ వినగానే పాత్రను విడిచి పద్యాన్ని తిరిగి పాడే అలవాటు ఈ ఏకాగ్రతనే భంగపరిచింది. రాగాలాపన కంటె భావప్రకటనకు విలువనిచ్చిన బళ్లారి రాఘవ (1880–1946) కృషి ప్రాముఖ్యం ఇక్కడే స్పష్టమవుతుంది. సహజత్వానికి విరోధి పద్యం కాదు, పాత్ర అవసరం లేని గానం. కనుక పద్యాన్ని సైతం పాత్ర చేసే చర్యగానే అభ్యసింపజేయడం నటశిక్షణకు ఆవశ్యకం.