గోడలోంచి వేలాడిన పద్నాలుగు వైర్లు

మొన్న వేసవి సెలవుల్లో మా ఇంట్లో పాత ఫ్యూజు బోర్డు తీయించి ఎంసీబీల డబ్బా పెట్టించాం. టేకు చెక్క, దాని మీద పింగాణీ ఫ్యూజులు, తాతయ్య కాలం నాటి సరుకు. ఎలక్ట్రీషియన్ సాయంత్రానికి పాతది ఊడదీశాడు. తీరా చూస్తే కొత్త డబ్బా గోడ గూట్లో పట్టలేదు. "రేపొస్తా" అని వెళ్ళిపోయాడు. పద్నాలుగు వైర్లు జడ విప్పినట్టు వేలాడుతున్నాయి. ఇంట్లో మూడేళ్ళ మేనకోడలు!

"మీటరు కింద ఫ్యూజు పీకేశాడుగా, ఏం కాదు" అన్నారు నాన్న. ట్రిపుల్‌ఈ చదువుతున్నందుకైనా టెస్టర్ పెట్టి చూద్దామనిపించింది. ఒక వైరు దగ్గర వెలిగింది. ఎందుకంటే, లైన్ పోగానే ఇన్వర్టర్ తన పని తాను చేస్తుంది కదా! దాని అవుట్‌పుట్ వైరు ఆ బోర్డుకే వస్తుంది. బయటి కరెంటు తీసేసినా అక్కడ 230 వోల్టులూ ఉన్నట్టే. ఇన్వర్టర్ స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకి, మళ్ళీ చూశా. ఇంకో మాట: టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదని కాదు, టెస్టరే పాడై ఉండొచ్చు. ముందు పక్కింటి సాకెట్లో పెట్టి చూసుకున్నా.

తర్వాత అసలు పని. అన్ని వైర్లనూ కలిపి ఒకే టేపు చుట్టేయడం మనవాళ్ళ అలవాటు. అది తప్పు. ఏ కొసకు ఆ కొస విడిగా మూయాలి. ప్లాస్టిక్ కనెక్టర్ ముక్కలో ఒక్కో కొస దూర్చి స్క్రూ బిగించి, పైన టేపు చుట్టా. ఉత్త టేపైతే మన ఎండలకి జిగురు కరిగి జారిపోతుంది. ఏ వైరు ఏ గదిదో చీటీ కట్టి, అన్నీ గూట్లోకి మడిచి, ముందు చెక్క పలక అడ్డం పెట్టా. సిమెంటు పని ఉంటే కొసలకి ప్లాస్టిక్ కవరు కూడా కట్టాలి.

సిమెంటు పొడికి ఇంత హడావిడి ఎందుకంటారా? రాగి పోగుల మధ్య దుమ్ము చేరితే జాయింట్ సరిగ్గా కూర్చోదు. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఆ జాయింట్ నిరోధం 0.2 ఓమ్ అనుకోండి. ఐ స్క్వేర్ ఆర్ వేస్తే 15 వాట్లు. మన ల్యాబ్ సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే! అంత వేడి గోడ లోపల, ఒక్క చోట. కరెంటు మామూలుగానే ఉంది కాబట్టి ఎంసీబీ పడదు. ఆర్‌సీసీబీ కూడా పడదు, లీకేజీ లేదుగా. వాసన వస్తే తప్ప తెలీదు.

పొట్టి వైర్లని మెలిపెట్టి, టేపు చుట్టి, పైన ప్లాస్టరింగ్ చేయొద్దనేది ఇందుకే. జాయింట్ తప్పనిసరైతే మూత తీసి చూడగలిగే జంక్షన్ బాక్సులో వేయించండి. రేకు డబ్బా రంధ్రాల అంచులు బ్లేడులా ఉంటాయి, వాటికి రబ్బరు బుష్షులు అడిగి మరీ పెట్టించండి. పది రూపాయల వస్తువు, అడగకపోతే ఎవరూ పెట్టరు.

ఆ రాత్రి ఫ్యాను లేదు. అందరం డాబా మీద దోమలకి విందయ్యాం. ఎలక్ట్రీషియన్ మర్నాడు కాదు, మూడో రోజొచ్చాడు. చీటీలు చూసి నవ్వి, గంటలో పని ముగించాడు. "తెలీదు" అని రాసిన చీటీ ఒకటుంది. అది ఎప్పుడో తీసేసిన కాలింగ్ బెల్లుదట.