చేసే పనిలో ధ్యేయం ఎక్కడ దొరుకుతుంది?

“ఎందుకీ చాకిరీ?” అన్న మాట పాడి ఉన్న ప్రతి ఇంటా ఎప్పుడో ఒకప్పుడు వినిపించేదే. తెల్లవారకముందే లేవాలి, పేడ ఎత్తాలి, మేత వేయాలి, పాలు పిండాలి. పండుగ నాడైనా గేదె సెలవు ఇవ్వదు. పాల బిల్లు చేతికొచ్చిన నాడు ఆ ప్రశ్న కాస్త అణగుతుంది, రెండు రోజులకు మళ్ళీ తల ఎత్తుతుంది. డబ్బు తప్పక కావాలి. కాని మనసుకు జవాబు డబ్బొక్కటే చెప్పలేదు.

ధ్యేయం ముందే తెలిసి పనిలోకి దిగేవారు బహు తక్కువ. పాడి సహకారోద్యమానికి పెద్ద దిక్కైన వర్ఘీస్ కురియన్ గారి సంగతే చూడండి. ప్రభుత్వ ఖర్చుతో అమెరికాలో చదివినందుకు బదులుగా పని చేయాలన్న ఒప్పందం వల్ల ఆయన 1949 మే 13న గుజరాత్‌లోని ఆనంద్‌కు వచ్చారు. పాడి మీద ఇష్టంతో రాలేదు. గడువు తీరితే వెళ్ళిపోదామనే అనుకున్నారు. అక్కడి ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘానికి అధ్యక్షులు త్రిభువన్‌దాస్ పటేల్. సంఘం యంత్రాల విషయంలో ఆయన కురియన్ గారి సాయం కోరారు, కొన్నాళ్ళు ఉండమన్నారు. ఆ కొన్నాళ్ళు జీవితకాలమయ్యాయి. తన చదువు ఏ రైతుల చేతికి బలమవుతుందో కళ్ళారా చూశాకే ఆయనకు ఆ పని తనదైంది.

మన విషయంలోనూ అంతే. పని ఎవరికి చేరుతుందో తెలిస్తే సగం జవాబు దొరికినట్లే. చౌటుప్పల్ వైపు నుంచి విజయవాడ రహదారి పట్టుకొని వస్తే హయత్‌నగర్, ఎల్.బి.నగర్ దాటాక కొత్తపేట వస్తుంది. అక్కడి పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది గాని, తెల్లవారి పాల కోసం ఎదురుచూపు తరలిపోలేదు. చంటిబిడ్డ తల్లి, టీ కొట్టువాడు, పక్కనే దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి చదివే పల్లె పిల్లవాడు, అందరికీ పొద్దు పాలతోనే మొదలు. వారు మన ముఖం ఎరుగరు. అయినా మన మాట నమ్మి గ్లాసు ఎత్తుతారు.

ఆ నమ్మకం చిన్న చిన్న పనుల మీద నిలిచి ఉంది. పొదుగు కడిగి పిండటం, పిండిన పాలను ఆలస్యం లేకుండా కేంద్రానికి చేర్చటం, పరీక్షకుడు వెన్న శాతం ఉన్నదున్నట్లు రాయటం, శీతలీకరణ కేంద్రంలో 4 డిగ్రీలకు చల్లబరచటం. పాలు వెచ్చగా ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. పులిసిన ఒక్క క్యాను కలిస్తే పదిమంది కష్టం పాడవుతుంది.

కనుక ప్రతి సభ్యుడు, సభ్యురాలు మూడు ప్రశ్నలు వేసుకోవాలని మా మనవి. నా పని ఎవరికి చేరుతోంది? అందులో నేను ఇతరులకంటె బాగా చేయగలిగేది ఏది? నేను అశ్రద్ధ చేస్తే నష్టపోయేది ఎవరు? ఒకరికి దూడల పెంపకంలో నేర్పు ఉండవచ్చు, మరొకరికి లెక్కల్లో, ఇంకొకరికి పచ్చిమేత సాగులో. ఆ నేర్పు పదిమందికి పనికివచ్చే చోటే మన ధ్యేయం ఉంటుంది.

ధ్యేయం పేరు చెప్పి గిట్టుబాటు ధర అడగవద్దనటం మా ఉద్దేశం కాదు. న్యాయమైన ధర రైతుకు దక్కాలనే కదా సంఘాలు పుట్టింది! ధర కోసం అందరం కలిసి అడుగుదాం, పని మాత్రం మనదిగా చేద్దాం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మూడు ప్రశ్నలు చర్చకు పెట్టండి. వీలైతే సభ్యులను, ముఖ్యంగా యువకులను, డెయిరీ చూడటానికి తీసుకువెళ్ళండి. తాము పోసిన పాలు ఎక్కడికి పోతున్నాయో ఒక్కసారి చూసిన మనిషి మరునాడు చెంబు పట్టే తీరే వేరు.