పట్టా లేని వైద్యునకు సభలో పీట

ఇంట బిడ్డకు జ్వరము తగిలినపుడు తల్లి పట్టా గలవాని కొఱకు వెదకదు. పిలిచినంతనే వచ్చువాని కొఱకు వెదకును. నిజామాబాదు పట్టణమున 2013లో నెలకొల్పబడిన ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. బోధనులో ఆసుపత్రియు కలదు. అయినను ఆ చుట్టుపట్ల చెఱకు పల్లెలలో నడిరేయి తలుపు తట్టిన పలుకువాడు తఱచుగా ఆ యూరి ఆర్.ఎం.పి. డాక్టరే. ఆయనకు అనుభవము కలదు. ఊరివారి నమ్మకము కలదు. వైద్యపట్టా మాత్రము లేదు.

ఇట్టివారిని చదివిన వైద్యులు తమ చర్చాసభలకు రానీయవచ్చునా? ఇది వైద్యుల తగవే యని గృహిణులు త్రోసివేయరాదు. ఆ సభలలోని మంచిచెడ్డల ఫలము మన బిడ్డల మంచము కడకే వచ్చును.

కూడదనువారి వాదము తేలికయైనది కాదు. నేడు సభలో కూర్చున్నవాడు రేపు ఆ ఛాయాపటమును గోడకు తగిలించి, అదియే పట్టా యని నమ్మింపవచ్చును. నమోదు లేక వైద్యము చేయువారికి ఒక సంవత్సరము వఱకు చెఱసాలయో, 5 లక్షల రూపాయల వఱకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని 2019 నాటి జాతీయ వైద్య కమిషను చట్టము చెప్పుచున్నది.

ఇక నేర్పినచో నేమగునో చూతము. పశ్చిమ బెంగాలులోని బీర్భూము జిల్లాలో పట్టా లేని వైద్యులకు తొమ్మిది నెలలు శిక్షణ నిచ్చి పరీక్షించిరి. 2016లో వెలువడిన ఫలితములను బట్టి, వారికి రోగిని సరిగా చూచు నేర్పు పెరిగినది. అనవసరపు మందు లిచ్చు అలవాటు మాత్రము తగ్గలేదు. పాకిస్తానులోని లార్కానా ప్రాంతమున మంత్రసానులకు శిక్షణయు, శుభ్రమైన పురుటి సామగ్రియు నిచ్చి, ఆరోగ్యశాఖవారితో జతపఱచిరి. అచట పురిటి శిశుమరణములు నూటికి సుమారు 30 వంతులు తగ్గినట్లు 2005లో ప్రకటించిరి. వినికిడి వలన మేలు కలదు. దాని కొక హద్దును కలదు.

కావున మా యభిప్రాయ మిది: పీట వేయవలెను, పట్టా ఈయరాదు. పట్టణ వైద్యుడు రోగిని నాలుగవ నాడు చూచును. పల్లెవాడు మొదటి నాడే చూచును. ఆ మొదటి నాటి సంగతి సభకు తెలియవలెను. సభకు వచ్చినట్లు ఏ కాగితమును ఈయరాదు. సూది వేయుట, గ్లూకోజు ఎక్కించుట కాక, ఏ రోగిని ఎప్పుడు ఆసుపత్రికి పంపవలెనో ముందుగా నేర్పవలెను. తప్పు చెప్పుకొన్నవానిని ఎగతాళి చేయరాదు. ఎగతాళికి వెఱచినవాడు తప్పును దాచును. దాచిన తప్పు ప్రాణము తీయును.

సోదరీమణులారా, వచ్చినవా రెవరైనను, “ఇది మీ చేతిలోని పనియేనా, ఆసుపత్రికి పోవలెనా?” యని తప్పక అడుగుడు. బిడ్డ పాలు త్రాగలేకున్నను, త్రాగినదెల్ల కక్కుచున్నను, మగతగా పడియున్నను, మూర్ఛ వచ్చినను, ఊపిరికై ఎగబీల్చుచున్నను, ఆ ప్రశ్నకై కూడ నిలువక 108కి ఫోను చేయుడు. మేలు కోరు వైద్యుడు, పట్టా ఉన్నను లేకున్నను, మీ తొందరకు కోపగింపడు.