డిస్కు తప్పు కాదు, తాళం తప్పు

కోల్‌కతా రేవు పక్కన, కల్నల్ హెన్రీ వాట్సన్ పేరుతో వెలసిన పేట వాట్‌గంజ్. విదేశీ సరుకుకు పేరుపడ్డ ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్ దగ్గర్లోనే. డీవీడీ ప్లేయర్లు మూలపడ్డాక, ఇక్కడైనా మరెక్కడైనా పెళ్లి డిస్కులను హార్డ్‌డిస్కుకెక్కించి, టీవీకి అరచేతిలో ఇమిడే కంప్యూటర్ తగిలిస్తున్నవారున్నారు. తీరా చూస్తే బొమ్మ కుంటుతుంది. డిస్కు పాడైందనుకుని పారేస్తే పెళ్లి వీడియో పోయినట్టే.

అసలు కిటుకు వేరు. డీవీడీ బొమ్మ ఎంపెగ్-2 పద్ధతిలో ఉంటుంది. 2012 నాటి తొలి రాస్‌బెరీ పై చిప్‌కు దాన్ని విప్పే సత్తా ఉంది. కానీ లైసెన్సు ఖర్చుకు జంకి తాళం వేసి అమ్మారు. అదే ఏడాది తాళంచెవిని విడిగా 2.40 పౌండ్లకు పెట్టారు. అది లేకుంటే బరువంతా 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీదే. పాపం, చతికిలబడక ఏం చేస్తుంది? 2019లో వచ్చిన పై 4లో ఆ విభాగాన్ని శాశ్వతంగా ఆపేశారు, ప్రాసెసరే ఆ పని అవలీలగా చేసేస్తుంది.

కదిలే బొమ్మ అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే ‘డీఇంటర్‌లేస్’ ఆన్ చేస్తే చాలు. వీడియో ముక్కలుగా ఆగుతోందా? వీవోబీ ఫైలు 1 గిగాబైటు దాటదు. విడి ఫైలు కాక ఫోల్డరు మొత్తాన్ని తెరవాలి. ఇంట్లో రాసిన డిస్కుల్లోని రంగు పొర ఏళ్లు గడిచేకొద్దీ చెడుతుంది. కుదించని నకలు ఒకటి ముందే తీసుకోవడం అందుకే.