రెండు జవాబుల లెక్క

జనగామలో ఎక్కిన రైలు కాజీపేట మీదుగా మహబూబాబాద్ చేరుతుంది గదా! దారిలో ఎక్కడా చక్రాలు మార్చవలసిన పని లేదు. పట్టాల మధ్య దూరం అంతటా 1676 మిల్లీమీటర్లే. ఇలా అందరూ ఒప్పుకొని రాసిపెట్టుకున్న కొలతను 'ప్రమాణం' అంటారు. కంప్యూటరు భాషలకు కూడా ప్రమాణాలుంటాయి. ఆ సంగతి నాకు ఒక తగవు వల్ల తెలిసింది.

నా దగ్గర పదో తరగతి చదివి పాలిటెక్నిక్‌లో చేరిన ఇద్దరు కుర్రాళ్లు సెలవుల్లో వచ్చారు. ఒకడిది జనగామ, మరొకడిది భూపాలపల్లి. 'సి' భాషలో చిన్న ప్రోగ్రాము రాశారు. 'ఐ' విలువ 5. ఒకే ప్రింట్ ఆజ్ఞలో మొదట ఐ, దాని పక్కన ఐ++ చూపమన్నారు. (ఐ++ అంటే, ఉన్న విలువ ఇచ్చి, తరువాత ఒకటి కలుపు అని.) కాలేజీ కంప్యూటరులో జి.సి.సి. అనే కంపైలరు 6 5 అని చూపింది. రెండోవాడి ఫోనులో క్లాంగ్ అనే కంపైలరు 5 5 అన్నది. ఒక గైడులో మొదటి జవాబే ఉంది. రెండోది రాసిన భూపాలపల్లి కుర్రాడికి పరీక్షలో మార్కు పోయింది.

"ఏది కరెక్టు సార్?" అన్నారు. భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి, నాకూ తెలియదు.

తీర్పు చెప్పవలసింది ప్రమాణమే. సి భాషకు 1989లో అమెరికాలోను, 1990లో అంతర్జాతీయంగాను ప్రమాణం ఏర్పడింది. దాని సంఖ్య ఐ.ఎస్.ఓ. 9899. కొందామంటే వెల సుమారు 200 స్విస్ ఫ్రాంకులు, అంటే ఇరవై వేల రూపాయల పైమాటే! ప్రమాణాల సంస్థలకు ఆ అమ్మకాలు ఒక ఆదాయమన్నది నిజమే. అయినా భాష వాడటానికి రుసుము లేకుండా, దాని నియమాలు చదవటానికి రుసుము ఉండటం నాకు విడ్డూరంగా తోచింది.

అదృష్టవశాత్తు ఆ ప్రమాణం తయారుచేసే సంఘం తన చిత్తుప్రతులను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా ఉంచుతుంది. 2011 ఏప్రిల్ నాటి ప్రతి పేరు ఎన్ 1570, దాదాపు 700 పేజీలు. ముగ్గురం కూర్చుని 6.5 విభాగంలో రెండో పేరా చదివాం. ఇంగ్లీషు ఎంత కటువుగా ఉందంటే, ఆ ఒక్క పేరాకే ఒక పూట పట్టింది. సారాంశం ఇది: ఒక విలువను ఒకచోట మారుస్తూ, అదే విలువను మరోచోట చదువుతూ ఉన్నప్పుడు, ఏది ముందో నియమం లేకపోతే ఆ ప్రోగ్రాము ఫలితానికి ప్రమాణం హామీ ఇవ్వదు. ప్రింట్ ఆజ్ఞలోని విలువలను ఏ వరుసలో లెక్కించాలో కూడా అది నిర్ణయించలేదు. అంటే రెండు కంపైలర్లలో ఏదీ తప్పు చేయలేదు. ప్రశ్నే తప్పు! భూపాలపల్లి కుర్రాడి ముఖం అప్పుడు చూడాలి.

అన్ని భాషలకూ ఈ చిక్కు లేదు. జావాస్క్రిప్ట్ ప్రమాణాన్ని ఎక్మా సంస్థ ఉచితంగానే ఇస్తుంది. పైథాన్ వివరణ గ్రంథాలూ అంతే.

మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ కూడా ఒకప్పుడు ప్రమాణాలను వెలకు అమ్మేది. తెలుగు అక్షరాలకు సైతం కంప్యూటరు సంకేతాలు నిర్ణయించిన 1991 నాటి ఐ.ఎస్. 13194 ఆ సంస్థదే. ప్రమాణాలు అందరికీ ఉచితంగా అందాలని 2015లో అమెరికాకు చెందిన కార్ల్ మాలముద్, హైదరాబాదు పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి, సుశాంత్ సిన్హా ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం వేశారు. ఇప్పుడు ఆ సంస్థ సొంతంగా రూపొందించిన ప్రమాణాలను, పేరు నమోదు చేసుకున్నవారు ఉచితంగా దించుకోవచ్చు. ఐ.ఎస్.ఓ. నుంచి స్వీకరించినవి మాత్రం అందులో చేరవు.

మీ బడి కంప్యూటరులో ఒకటి చేసి చూడండి. ఐని ఒక ప్రింట్ ఆజ్ఞలోను, ఐ++ను దాని తరువాతి ఆజ్ఞలోను రాయండి. ఏ కంపైలరుతోనైనా 5, 5 అనే వస్తుంది. మరి మూడో ఆజ్ఞలో మళ్లీ ఐని అడిగితే?