చదువుకొను రైతు బిడ్డలకు డబ్బు మాటలు, ఫోను మాటలు

విద్యార్థులారా!

ఈ పత్రికలో విత్తనములను గూర్చి, ఎరువులను గూర్చి, చీడపీడలను గూర్చి మీ తల్లిదండ్రులకు వ్రాయుచుందుము. ఈ మారు మీకు వ్రాయుచున్నాను. అందుకు కారణము లేకపోలేదు. నేను పనిచేయు మండలములో ఏ రైతు ఇంటికి వెళ్ళినను ఒకటే సంగతి చూచుచున్నాను. బ్యాంకు నుండి కాగితము వచ్చినను, ఫోనులో సందేశము వచ్చినను, దానిని చదివి చెప్పువారు ఆ ఇంటిలో తొమ్మిదవ తరగతియో, ఇంటర్మీడియటో చదువుచున్న పిల్లలే. అనగా మీ ఇంటికి కరణము మీరే. కరణమునకు లెక్క తెలియకున్న ఊరెల్ల నష్టపోవును గదా!

రెండు సంవత్సరముల క్రితము మా మండలములో ఒక రైతు తన పాడిగేదెను అమ్మదలచెను. ఇంటర్మీడియటు చదువుచున్న అతని కుమారుడు గేదె ఫోటో తీసి ఫోనులో ప్రకటన పెట్టెను. మరునాడే ఎవరో ఫోను చేసిరి. బేరమాడకుండ ఒప్పుకొనిరి. "అడ్వాన్సు పంపుచున్నాను. గళ్ళబొమ్మ ఒకటి వచ్చును. దానిని స్కాను చేసి పిన్ కొట్టినచో డబ్బు మీ ఖాతాలో పడును" అనిరి. కుర్రవాడు తండ్రి ఫోను తీసికొని చకచక చెప్పినట్లు చేసెను. ఖాతాలోనికి డబ్బు రాలేదు సరిగదా, ఎరువుల కొరకు దాచుకొన్న రు. 14,500 పోయినవి. సిగ్గుచే ఆ రాత్రి ఎవరికిని చెప్పలేదు. మరునాడు సాయంకాలము ఫిర్యాదు చేయుసరికి ఆ డబ్బు ఏ ఖాతాలోనికో పోయి, అక్కడినుండి తీయబడి యుండెను. తిరిగి రాలేదు.

తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. "పోనీలేరా, చదువుకున్నవాడివి, నీకు తెలుసనుకున్నా" అన్నాడట. ఆ మాటయే ఆ కుర్రవానిని ఎక్కువ బాధించినది. వేసవి సెలవులలో అతడు మా కార్యాలయమునకు వచ్చి, "సార్, ఈ మాటల కన్నిటికీ అర్థాలు చెప్పండి" అని ఒక కాగితము నా ముందుంచెను. ఫోను నడుపుట అతనికి నాకంటె బాగుగ వచ్చును. కాని పిన్ అనగా నేమో అతని కెవరును చెప్పలేదు. ఫోను వాడుట వచ్చుట వేరు, ఫోనులోని మాటకు అర్థము తెలియుట వేరు. ఆ వరండాలో కూర్చుండి మేము వ్రాసికొన్న మాటలే ఈ క్రింద ఇచ్చుచున్నాను.

డబ్బు మాటలు

రాబడి, లాభము: ఈ రెండును ఒకటి కావు. ధాన్యమమ్మగా చేతికి వచ్చినదంతయు రాబడి. దానిలోనుండి విత్తనము, ఎరువు, మందు, కూలి, కౌలు, యంత్రముల బాడుగ, అప్పుపై వడ్డీ తీసివేయగా మిగిలినది లాభము. చాల ఇండ్లలో వడ్డీని ఖర్చులో వ్రాయరు. అందుచే లాభము వచ్చినట్లే కనిపించును గాని, సంక్రాంతి నాటికి చేతిలో ఏమియు మిగులదు.

అసలు, వడ్డీ: తెచ్చిన మొత్తము అసలు. దానిని వాడుకొన్నందుకు ఇచ్చు బాడుగ వడ్డీ. ఇక్కడ ఒక మెలిక గలదు. మన ఊళ్ళలో "రెండు రూపాయల వడ్డీ" అందురు. అనగా నూటికి నెలకు రెండు రూపాయలు. బ్యాంకులో "7 శాతము" అందురు. అనగా నూటికి సంవత్సరమునకు ఏడు రూపాయలు. రెండు చిన్నది, ఏడు పెద్దది అని తోచును. కాని రెండును పన్నెండుచే హెచ్చించిన 24 అగును. కావున ఎవరు వడ్డీ చెప్పినను "నెలకా? సంవత్సరమునకా?" అని మొదట అడుగవలెను.

పంటకు రు. 30,000 అప్పు తెచ్చి ఆరు నెలలకు తీర్చితి రనుకొందము. రెండు రూపాయల వడ్డీకైన రు. 3,600 కట్టవలెను. బ్యాంకులో సంవత్సరమునకు 4 శాతమునకైన రు. 600 చాలును. తేడా రు. 3,000. రెండు బస్తాల డి.ఏ.పి. కొనగా ఇంకను మిగులును.

గడువు: ఈ 4 శాతము ఎక్కడినుండి వచ్చినదని మీరు అడుగవచ్చును. కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చినది. 2025-26 వరకు కేంద్ర ప్రభుత్వము కొనసాగించిన పద్ధతి ప్రకారము రు. 3 లక్షల వరకు స్వల్పకాలిక పంట ఋణముపై వడ్డీ 7 శాతము. గడువులోగా తీర్చిన రైతునకు ఇంకను 3 శాతము తగ్గింపు గలదు. లక్ష రూపాయలు తెచ్చి సంవత్సరమునకు సరిగా గడువులోగా కట్టిన వడ్డీ రు. 4,000 మాత్రమే. గడువు దాటిన ఆ తగ్గింపు పోవును. ఇంటిలో ఎంతమంది పెద్దలున్నను ఆ తేదీని జ్ఞాపకముంచుకొనువా రరుదు. దానిని గోడమీది క్యాలెండరులో ఎర్రసిరాతో వ్రాయుట మీ పని.

నోటు, చెల్లు: ఊరిలో అప్పు తెచ్చునప్పుడు ప్రామిసరీ నోటు వ్రాసి ఇత్తురు. మధ్యలో కొంత కట్టినప్పుడు నోటు వెనుక తేదీతో సహా "చెల్లు" వ్రాయించుకొనవలెను. నోటి మాట గాలికి పోవును. వ్రాయని చెల్లు కట్టని డబ్బుతో సమానము.

చక్రవడ్డీ: వడ్డీపై వడ్డీ పెరుగుటయే చక్రవడ్డీ. సాధారణముగా నోటు మూడు సంవత్సరములలో కాలదోషము పట్టును గనుక, ఆ లోపున వడ్డీని అసలులో కలిపి నోటు తిరుగ వ్రాయించుకొందురు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన రు. 10,000 మూడేండ్లకు రు. 17,200 అగును. నోటు తిరుగ వ్రాసినచో ఆ 17,200 అసలై, మరి మూడేండ్లకు రు. 29,584 అగును. ఆరేండ్లలో దాదాపు మూడింతలు!

ఇదే చక్రము మీ వైపునకు తిరిగిన మేలు చేయును. చక్రవడ్డీకి ఒక సులభమైన లెక్క గలదు. 72ను సంవత్సరపు వడ్డీ శాతముచే భాగించిన, సొమ్ము రెట్టింపగుటకు పట్టు ఏండ్లు సుమారుగా తెలియును. 6 శాతమునకు దాచిన సొమ్ము 12 ఏండ్లలో రెట్టింపగును. 24 శాతమునకు తెచ్చిన అప్పు 3 ఏండ్లలోనే రెట్టింపునకు వచ్చును. దాచుకొన్న డబ్బు నడచును, అప్పు పరుగెత్తును.

పొదుపు ఖాతా: పది సంవత్సరములు నిండిన బాలబాలికలు తమంతట తామే పొదుపు ఖాతా తెరచి నడుపుకొనుటకు బ్యాంకులు అనుమతింపవచ్చునని 2025లో రిజర్వు బ్యాంకు తెలిపినది. ఎంత మొత్తము వరకు అన్నది ఆయా బ్యాంకులు నిర్ణయించును. బ్యాంకులో దాచిన సొమ్మునకు బీమా కూడ గలదు. 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి రు. 5 లక్షల వరకు ఈ రక్షణ కల్పింపబడినది. ఊరిలో ఎవరో నడుపు చీటీకి ఇట్టి బీమా లేదు.

క్రెడిట్ స్కోరు: అప్పు సరిగా తీర్చుచున్నారా లేదా అని బ్యాంకులు చూచుకొను మార్కులివి. 300 నుండి 900 వరకు ఉండును. తండ్రి పేర పాత వాయిదా ఒకటి మిగిలిపోయిన, రేపు ట్రాక్టరు అప్పు దొరకుట కష్టమగును. మరియొకరి అప్పునకు హామీ సంతకము చేయుటకు ముందు కూడ ఈ సంగతి ఆలోచింపవలెను. వారు కట్టకున్న మచ్చ మనకును పడును.

ఫోను మాటలు

ఖాతా సంఖ్య, ఐ.ఎఫ్.ఎస్.సి.: మొదటిది మీ ఇంటి తలుపు సంఖ్య వంటిది. రెండవది ఊరి పేరు వంటిది. ఐ.ఎఫ్.ఎస్.సి.లో 11 గుర్తులుండును. మొదటి నాలుగు అక్షరములు బ్యాంకును, చివరి ఆరు గుర్తులు శాఖను తెలుపును. నడుమ నుండునది సున్న, అక్షరము కాదు. ప్రభుత్వ సహాయపు దరఖాస్తులో దానిని "ఓ" అని వ్రాసిన డబ్బు చేరుట ఆలస్యమగును.

యు.పి.ఐ.: ఫోను ద్వారా ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు వెంటనే డబ్బు పంపు పద్ధతి. 2016లో మొదలైనది.

పిన్: ఇది మీ సంతకము. నాలుగు లేక ఆరు అంకెలుండును. డబ్బు పంపుటకును, ఖాతాలో నిలువ ఎంతయున్నదో చూచుటకును మాత్రమే పిన్ కావలెను. డబ్బు వచ్చుటకు పిన్ అక్కరలేదు. ఈ వాక్యమును మరల చదువవలెను. మీ ఇంటికి ధాన్యపు బస్తా ఎవరైన తెచ్చి వేయునప్పుడు మీరు గాదె తాళము ఇత్తురా? ఈయరు గదా! డబ్బు వచ్చుటకై పిన్ కొట్టుమన్నవాడు తాళము అడుగుచున్నాడు. గేదె బేరములో జరిగిన దిదియే.

గళ్ళబొమ్మ: క్యు.ఆర్. కోడు అనబడు ఈ నలుపు తెలుపు గళ్ళ బొమ్మ ఒక చిరునామా మాత్రమే. డబ్బు పంపువాడు దానిని స్కాను చేయును, పుచ్చుకొనువాడు చూపించును. అమ్మువాడు స్కాను చేయవలసిన పని లేదు.

ఓ.టి.పి.: ఒక్కసారి మాత్రమే పనిచేయు తాళపుచెవి. బ్యాంకు మేనేజరుననినను, వ్యవసాయ శాఖ వాడననినను ఫోనులో చెప్పరాదు. నా వంటి అధికారికి మీ ఓ.టి.పి.తో పని పడినచో మీ ఎదుట నిలిచి, ఎందుకో చెప్పి అడుగుదును. అంతేగాని ఫోనులో అడుగను.

లింకు, ఫైలు: "పి.ఎం. కిసాన్ వాయిదా ఆగినది, ఈ ఫైలు నొక్కుడు" అని వాట్సాపులో వచ్చును. నొక్కిన, మీ ఫోనులోని సందేశములను దొంగ చదువుట కవకాశమగును. సంవత్సరమునకు రు. 6,000 చొప్పున మూడు వాయిదాలలో ఇచ్చు ఈ పథకము 2019లో మొదలైనది. దాని సంగతి తెలిసికొనుటకు ప్రభుత్వ వెబ్‌సైటు గలదు, గ్రామ వ్యవసాయ సిబ్బంది గలరు. ముక్కు మొగము తెలియనివాడు పంపిన ఫైలు అక్కరలేదు.

వేలిముద్ర: మీ అవ్వ బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి డబ్బు తీసికొనునప్పుడు వెంట వెళ్ళవలెను. ముద్ర వేయుటకు ముందే ఎంత మొత్తము కొట్టినారో తెరపై చదువవలెను. రసీదు అడిగి తీసికొనవలెను. ముద్ర సరిగా పడలేదని రెండవసారి వేయించినచో, పాసుపుస్తకములో వ్రాయించి రెండుసార్లు తీసిరేమో సరిచూడవలెను.

అప్పు యాప్‌లు: అయిదు నిమిషములలో అప్పని ఆశ చూపును. రు. 5,000 అప్పని చెప్పి, రుసుము క్రింద రు. 1,500 ముందే పట్టుకొని, వారములో రు. 5,000 కట్టుమనుట వీరి తీరు. చేతికి వచ్చినది రు. 3,500 మాత్రమే. నూటికి వారమునకు దాదాపు 43 రూపాయల వడ్డీ! ఆపై మీ ఫోనులోని పేర్లన్నిటికి ఫోను చేసి పరువు తీయుదురు. 2020 చివర తెలంగాణలో ఇట్టి వేధింపులకు కొందరు ప్రాణములు తీసికొనగా పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేసిరి. 2022లో రిజర్వు బ్యాంకు నిబంధనలు చేసినది. వాటి ప్రకారము అన్ని రుసుములు కలిపి సంవత్సరపు వడ్డీ ఎంతయో అప్పునకు ముందే వ్రాసి ఈయవలెను. ఆ కాగితము చూపని యాప్‌ను తీసివేయుడు. ఒకవేళ ఇదివరకే చిక్కుకొన్నచో ఇంటిలో చెప్పుడు. అప్పుకంటె ప్రాణము, పరువుకంటె బిడ్డ పెద్ద.

1930: మోసము జరిగినదని తెలిసిన క్షణమున ఈ సంఖ్యకు ఫోను చేయవలెను, మీ బ్యాంకునకు కూడ తెలుపవలెను. డబ్బు దొంగ చేతికి చేరక ముందే ఆపుట కవకాశముండును. చేనులో మంట పుట్టినప్పుడు ఎవరు అంటించిరని విచారించుచు కూర్చుండము గదా! సిగ్గుతో పోగొట్టిన ప్రతి గంటయు దొంగకే లాభము.

ఈ వారములో మీరు చేయవలసినవి

ఒక నోటుపుస్తకము తీసికొని ఒక వైపు జమ, మరియొక వైపు ఖర్చు వ్రాయుట ప్రారంభింపుడు. ఇంటిలోని అప్పులన్నిటిని ఒక పుటలో వ్రాసి, ప్రతిదానికి ఎదురుగ అసలు, సంవత్సరపు వడ్డీ, గడువు తేదీ వేయుడు. ఎక్కువ వడ్డీ అప్పును ముందు తీర్చు ఉపాయమును నాన్నగారితో కలిసి ఆలోచింపుడు. పిన్, గళ్ళబొమ్మ అనగా నేమో అమ్మకు చెప్పి, ఆమెచేత తిరిగి చెప్పించుకొనుడు. 1930ని ఇంటిలోని ఫోనులన్నిటిలో వ్రాసి పెట్టుడు.

గేదె బేరములో మోసపోయిన ఆ కుర్రవాడు ఇట్లే పుస్తకము పెట్టెను. వ్రాయుచుండగా, క్రిందటి సంవత్సరము తండ్రి కట్టిన రు. 5,000కు నోటు వెనుక చెల్లు లేదని బయటపడెను. తండ్రీ కొడుకులు వెళ్ళి అడిగిరి. అప్పిచ్చినాయన జ్ఞాపకము చేసికొని చెల్లు వ్రాసి ఇచ్చెను. పోయిన రు. 14,500 రాలేదు. కాని ఇప్పుడు ఆ వీధిలో ఎవరి ఫోనులో ఏ సందేశము వచ్చినను, "ఒకసారి వాడికి చూపించండి" అనుచున్నారు. మొదట అనువాడు అతని తండ్రియే.